కర్నల్ కాలిన్ మెకంజీ చరిత్రము

కోటలను గట్టించిన రాజుల పేర్లు శాసనములందు నిలిచియున్నవి. కోవెలలు గట్టించిన దాతల పేర్లు గోడలమీద చెక్కబడియున్నవి. అవి శిథిలములగుచుండగా వానిని గాపాడుటకై పాటుపడినవారి పేర్లు మాత్రము తరుచుగా ఎచ్చటను గానరావు. మన కాలమున ఈ లోపమును దీర్చుటకు కొంత ప్రయత్నము జరుగుచున్నది. ప్రాచీనకట్టడములను శ్రద్ధతో బాగుచేసినవారికి యునెస్కో సంస్థవారు 2000 సంవత్సరమునుండి ఆసియా పసిఫిక్ ప్రాంతమున బహుమానములిచ్చుచున్నారు. 2022 లో గోలకొండ మెట్లబావులును, దోమకొండ కోటయు అట్టి గౌరవమును బడసినవి. ఇట్టి బహుమానములు పుట్టుటకు రెండువందల యేండ్లకు ముందే, ఎవరును అడుగకయే, తన జీతమును, తన వయస్సును ఇట్టి పనికై వెచ్చించిన యొక దొర మన తెలుగుసీమలో సంచరించెను. ఆయన మన నెల్లూరు మండలమునందును ఉద్యోగము చేసినవాడు. ఆయన చరిత్రమును మా విద్యార్థులకొరకును, వారి తలిదండ్రులకొరకును సంగ్రహముగా వ్రాయుచున్నాము.

కాలిన్ మెకంజీ 1754 ప్రాంతమున స్కాట్లాండు దేశమునకు వాయవ్యముననున్న లెవిస్ ద్వీపమందలి స్టోర్నవే అను రేవుపట్టణమున జన్మించెను. అది చేపలవేటచే బ్రదుకు ఊరు. ఎల్లప్పుడును సముద్రపుగాలి వీచుచుండును. అట్టి యూరెట్లుండునో కృష్ణపట్నము, ఇసుకపల్లి మొదలగు తీరగ్రామములనుండి వచ్చు మా పిల్లలకు వేరుగా చెప్పవలసిన పని లేదు. తండ్రి ఆ యూరి తపాలా అధికారి. మెకంజీ మొదట అచ్చటి సుంకపుకచేరిలో కొలువుండెను. చిన్ననాటినుండియు ఆయనకు గణితమనిన మిక్కిలి ప్రీతి. సంవర్గమానములను కనిపెట్టిన నేపియర్ అను పండితుని వంశమున బుట్టిన యొక ప్రభువు తమ పూర్వికుని చరిత్రమును వ్రాయదలచి, హిందువులకు ఆ గణితము ఎంతవరకు తెలిసియుండెనో విచారించు పనిలో మెకంజీని నియోగించెను. హిందూదేశపు శాస్త్రములయందు ఆయనకు మనసు తగులుకొనుటకు ఇదియే కారణము. దాదాపు ముప్పదియేండ్ల వయసున, 1783 లో, ఆయన కుంఫిణీవారి సైన్యమున జేరి చెన్నపట్టణమునకు వచ్చెను.

వచ్చిన కొలదికాలమునకే మధురలో నేపియరుగారి కుమార్తె యింట కొందరు బ్రాహ్మణపండితులతో ఆయనకు పరిచయము కలిగెను. అచ్చటనే ఈ దేశపు పురాతనచరిత్రమును సేకరింపవలెనను కోరిక ఆయన మనసున నాటుకొనెను. కాని కొలువు కొలువే గదా! 1786 లో కాల్బలమునుండి ఇంజనీర్ల దళమునకు మారి, అటుపిమ్మట చెన్నపట్టణము, నెల్లూరు, గుంటూరు సీమలలో బాటలు కొలుచుట, పటములు వ్రాయుట మొదలగు పనులు చేయుచుండెను. ఆ దినములలో భూమిని గొలుచుట యనగా గొలుసు పట్టుకొని, చక్రము దొర్లించుకొని, ఎండలో మైళ్లకొలది నడచుటయే. పినాకినిని, స్వర్ణముఖిని ఇసుకలో దాటవలెను. తీరమున ఉప్పుకొఠారులను, పడమట కొండలను గురుతించుకొనవలెను. ఇట్లు కాలినడకను దేశమును జూచినవానికి, గుఱ్ఱమెక్కి పోవువానికి కనబడని వస్తువులు కనబడును. బాటప్రక్కన పడియున్న శాసనపుఱాయి, చెఱువుకట్టమీది పాడుగుడి, పొలము నడుమ నిలిచిన ఒంటిస్తంభము, ఇవన్నియు సర్వేదారుని కంటబడక తప్పవు.

1790 మొదలు 1792 వరకు జరిగిన మైసూరు యుద్ధమున మెకంజీ పాల్గొనెను. సంధి జరిగినపిమ్మట నైజామునకు సంక్రమించిన సీమలను కొలుచు పని ఆయనపై బడెను. ఆ సంచారములోనే 1794 లో శ్రీశైలక్షేత్రమును దర్శించి, అచ్చటి ప్రాకారమునిండ చెక్కియున్న ఏనుగులు, వేటగాండ్రు, మునులు మొదలగు శిల్పములను శ్రద్ధతో జూచి, వృత్తాంతమును వ్రాసి పంపెను. దానిని కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీవారు 1798 లో ప్రచురించిరి. అడవులలో మరుగుపడియున్న ఒక తెలుగు దేవాలయమును గూర్చి విదేశపండితులు చదివిన తొలి వ్రాతలలో ఇది యొకటి.

ఇంతవరకు ఆయనకొక గొప్పలోటు కలదు. ఈ దేశభాషలు ఆయనకు రావు. ఱాతిమీది యక్షరములు కన్నులకు గనబడునుగాని నోరు విప్పి మాటాడవు. ఈ లోటు 1796 లో తీరెను. ఏలూరు కాపురస్థుడు, నియోగి బ్రాహ్మణుడు, కావలి వెంకట బొఱ్ఱయ్య యను యువకుడు ఆ సంవత్సరమున ఆయనకొలువున జేరెను. (కావలియనగా వీరి యింటిపేరు. మన కావలి పట్టణపు పిల్లలు బొఱ్ఱయ్యగారిని తమ యూరివానిగా జెప్పుకొనుట మేము విన్నాము. వీరు ఏలూరువారని తెలిసికొందురుగాక.) బొఱ్ఱయ్యకు సంస్కృతాంధ్రములేగాక అరవము, కన్నడము, హిందూస్తానీ, ఇంగ్లీషు భాషలును వచ్చును. ఎవరికిని చదువరాక పడియున్న హళెగన్నడ శాసనములను సయితము అతడు ఓపికతో విప్పి చదువుచుండెను. అతని రాకతో దేశచరిత్రమునకు తనకు ద్వారము తెఱచికొన్నదని మెకంజీ పిమ్మట వ్రాసికొనెను. ఒక యధికారి తన క్రిందివానిని గూర్చి ఇట్లు నిస్సంకోచముగా ఒప్పుకొనుట ఆ కాలమున అరుదు.

ఇక అమరావతి కథను చెప్పవలెను. ఇది కొంచెము విస్తరించియే వ్రాయుచున్నాము; ఏలయన మెకంజీ చేసిన పనియొక్క విలువ అంతయు ఇందు గలదు.

చింతపల్లి జమీందారైన వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు 1796 లో తమ నివాసమును కృష్ణాతీరమందలి అమరావతికి మార్చి, అచ్చట క్రొత్తపట్టణమును కట్టింప మొదలిడిరి. కట్టడములకు ఱాయి కావలసివచ్చెను. ఊరికి సమీపమున దీపాలదిన్నె యని పిలువబడు పెద్దమట్టిదిబ్బ యుండెను. దానిని ద్రవ్వగా తెల్లని చలువఱాతివంటి పలకలు బయలువెడలెను. ప్రతిపలకమీదను మనుష్యులు, ఏనుగులు, చెట్లు, స్తూపములు జీవకళతో చెక్కబడియున్నవి. వానిని చూచి విస్మయపడినవారు లేకపోలేదు. కాని ఱాయి ఱాయియే యని కొన్నిటిని మెట్లకు, కొన్నిటిని గోడలకు వాడుకొనిరి. కొన్ని సున్నముగా కాల్పబడెను. ఈ వార్త విని మెకంజీ కొలదిదినములలోనే అచ్చటికిబోయి చూచెను. అప్పుడాయనకు విరామము లేదు. టిప్పుసుల్తానుతో కడపటి యుద్ధము సమీపించుచుండెను. చూచినదానిని వ్రాసికొని వెడలిపోయెను. ఆ పలకలు బౌద్ధులవని నాడెవ్వరికిని తెలియదు; అవి జైనులవని ఆయన తలచెను.

మరల ఆయన అమరావతిని జూచినది 1816 లో. నడుమ పదునెనిమిదియేండ్లు గడచెను. అప్పటికి దిబ్బనడుమ చెఱువొకటి త్రవ్వబడియుండెను. మొదట జూచిన పలకలలో పెక్కింటి జాడయే లేదు. మిగిలినవానిని త్రవ్వించి, చిత్రకారులచేత వానిలో ప్రతిదానిని కొలతలతో సహా వ్రాయింప మొదలుపెట్టెను. ఆ చిత్రలేఖకులలో కొందరు చెన్నపట్టణమున 1794 లో స్థాపింపబడిన సర్వేపాఠశాలలో చిన్నతనమున జేరి, కొలతయు గీతయు నేర్చికొన్న బాలురు. పాఠశాలలో గీచిన సరళరేఖలు ఎందుకు పనికివచ్చునని అడుగు విద్యార్థులు ఈ సంగతిని గమనింతురుగాక. రెండుమూడేండ్లలో ఎనుబదియైదు పటములు సిద్ధమయ్యెను. అవి నేడు లండనులోని బ్రిటీషు గ్రంథాలయమున భద్రముగానున్నవి.

అటుపిమ్మట 1845 లో వాల్టర్ ఇలియట్, 1877 లో రాబర్ట్ సూయల్, 1881 లో బర్జెస్ మొదలగువారు అచ్చట త్రవ్వించిరి. మెకంజీ మనుష్యులు వ్రాసిన పలకలలో కొన్ని వారికి దొరకనేలేదు. దీపాలదిన్నె చదునైపోయినది, ఆ పలకలు పగిలిపోయినవి, కాగితముమీది గీతలు మాత్రము మిగిలినవి. నేడు ఆ మహాస్తూపము ఎట్లుండెనో ఊహించి చెప్పు పండితులందరు ఆ గీతలనే ఆధారముగా గొనవలసివచ్చుచున్నది. కట్టడమును నిలుపలేకపోయినప్పుడు దాని రూపమునైన నిలుపుట గూడ రక్షణమేయని మా యభిప్రాయము. అయినను అది రెండవ తరగతి రక్షణము. 1798 లోనే ఎవరైనను త్రవ్వకమును ఆపింపగలిగియుండినచో ఎంత బాగుండెడిదో!

మెకంజీయొక్క తక్కిన జీవితమును గూర్చి చెప్పుదము. 1799 లో శ్రీరంగపట్టణము పడినపిమ్మట మైసూరుదేశపు సర్వే ఆయనకు అప్పగింపబడెను. ఆ పని పదియేండ్లు సాగెను. ఆ సంవత్సరముననే విజయనగరపు శిథిలములకును తొలి సర్వేపటమును సిద్ధపఱచెను. ప్రభుత్వమువారు కోరినది భూమికొలత. ఆయన దానితోపాటు ఊరి చరిత్రమునుగూడ కొలువ మొదలిడెను. దీనికి సర్కారువారిచ్చిన సొమ్ము స్వల్పము; మిగిలినది ఆయన జీతమునుండి వెచ్చించెను.

1803 లో బొఱ్ఱయ్య మరణించెను. ముప్పదియేండ్లైన నిండలేదు. మెకంజీకి అది కుడిచేయి పోయినట్లయ్యెను. అతని తమ్ముడు లక్ష్మయ్య ఆ స్థానమున నిలిచి, అన్న నేర్పిన పద్ధతినే మఱింత విస్తరింపజేసెను. మఱియొక తమ్ముడు రామస్వామియు ఆ కొలువుననే యుండి, పిమ్మట 1829 లో దక్షిణదేశపు కవులచరిత్రమును ఇంగ్లీషున వ్రాసి ప్రకటించెను. తన యన్న బొఱ్ఱయ్య కథనుగూడ అందు జేర్చుటచేతనే ఆ యువకుని గూర్చి మనకింత తెలియవచ్చినది.

వారి పద్ధతి యెట్టిదనగా: నారాయణరావు మొదలగు గుమాస్తాలు ఊరూరికి పంపబడుచుండిరి. వారు కరణమును, దేవాలయపు అర్చకుని, ఊరి వృద్ధులను కలిసికొని ప్రశ్నలు వేయుదురు. ఈ గ్రామమునకీ పేరెట్లు వచ్చెను? అడవి నరికి ఊరు గట్టినవారెవరు? గుడి ఎవరు కట్టించిరి? చెఱువు ఎవరు త్రవ్వించిరి? ఏ రాజు ఏ మాన్యమిచ్చెను? కరణములయొద్ద తరతరములనుండి వచ్చు దండకవిలెలను జూచి వ్రాసికొందురు. శాసనములున్నచో అక్షరమక్షరము నకలు తీయుదురు. ఇట్లు సిద్ధమైనదానికి కైఫీయతు అని పేరు. జరిగిన పనిని నెలనెలయు లక్ష్మయ్యకు తెలుపవలెను. కరణములందరు సంతోషముతో చెప్పిరనుకొనరాదు. దొరవారి మనుష్యులు వచ్చి మాన్యముల లెక్కలడిగినచో శిస్తు పెంచుటకేయని భయపడి నోరు విప్పనివారును ఉండిరి. ఆ భయము వట్టిదియు గాదు. మెకంజీ కుంఫిణీ యుద్యోగి. ఆయన సేకరించిన జ్ఞానము ఆ ప్రభుత్వమునకు దేశమును ఏలుటయందు సాయపడినది. ఈ సంగతిని దాచి ఆయనను స్తుతించుట న్యాయముగాదు. అమరావతి పలకలను కొన్నిటిని ఆయనయు చోటు తప్పించి మచిలీపట్నము మీదుగా పంపెను. అవి కలకత్తాకును, లండనుకును చేరినవి. పాడగుట మేలా, పరదేశమున నుండుట మేలా యను ప్రశ్నకు మా ఉపాధ్యాయులలోనే రెండు పక్షములు గలవు.

కైఫీయతులలో కట్టుకథలును మిక్కుటము. దేవుడు కలలో గనబడి గుడి కట్టుమనెననియు, ఆవు పుట్టమీద పాలు విడిచెననియు ఊరూర నొకే కథ వినబడును. కాని గుడి ఎవరిది, దీపమునకు నూనె ఎవరు ఇయ్యవలెను, చెఱువుతూము ఎవరు బాగుచేయవలెను అను సంగతులును వానియందే గలవు. మన మండలమునే చూతము. 1514 ప్రాంతమున శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరి దుర్గమును గజపతులనుండి జయించి, అచ్చటి బాలకృష్ణవిగ్రహమును విజయనగరమునకు గొనిపోయి, గుడి గట్టించి ప్రతిష్ఠించెను. ఈ సంగతి హంపి శాసనములవలన తెలియుచున్నది. శాసనము లేనియెడల ఉదయగిరిలో శూన్యమైన గుడి, హంపిలో పరాయి విగ్రహము మిగిలియుండునుగాని ఆ రెంటికిని సంబంధము తెలియకపోవును. ఊరివారి జ్ఞాపకము పోయిన కట్టడము దిక్కులేనిదగును. దిక్కులేనిదాని ఱాళ్లు త్వరలోనే పెఱటిగోడలలో జేరును. మన తీరమున ఉప్పుగాలికంటె ఈ యలవాటే ఎక్కువ కట్టడములను దినివేసినదని మేము తలచుచున్నాము.

1811 లో మెకంజీ జావాద్వీప దండయాత్రకు బోయి, రెండేండ్లు అచ్చటనుండి, అచ్చటి శిథిలదేవాలయములనుగూడ పరిశోధించెను. అచ్చటనే 1812 లో డచ్చి కుటుంబమునకు జెందిన యొక కన్యను వివాహమాడెను. 1815 లో సర్కారువారు ఆయనకు బాత్ బిరుదమునిచ్చి గౌరవించిరి. అది యుద్ధసేవకు వచ్చిన బిరుదమేగాని శాసనములకును, శిల్పములకును వచ్చినది గాదు. ఆ యేడే హిందూదేశమునకంతకు మొట్టమొదటి సర్వేయర్ జనరలుగా నియమింపబడెను. 1816 లో థామస్ హికీ యను చిత్రకారుడు చెన్నపట్టణమున ఆయన చిత్రపటమును వ్రాసెను. అందు మెకంజీ ఎఱ్ఱని సైనికదుస్తులతో నడుమ నిలిచియుండగా, ఆయనచుట్టును ముగ్గురు స్వదేశీయులు గలరు. ఒకనిచేత తాటియాకుల పుస్తకము, మఱియొకనిచేత దూరదర్శిని. దూరమున కొండమీద గోమటేశ్వరుని విగ్రహము. తన చిత్రమున తన పనివారికి చోటిచ్చిన దొరలు ఎందరుందురు?

1817 లో ఆయన కలకత్తాకు మారెను. లక్ష్మయ్య మొదలగువారిలో కొందరు ఆయనవెంట బోయిరి. కూడబెట్టినదానిని క్రమముగా సరిచూచి గ్రంథము వ్రాయవలెనని ఆయన కోరిక, విరామము దొరకలేదు. ఆరోగ్యము చెడి 1821 మే 8 వ తేదీన మరణించెను. కలకత్తాలోని పార్కువీధి శ్మశానమున ఆయన సమాధి గలదు. ముప్పదియెనిమిదియేండ్లలో ఒక్కమాఱైనను స్వదేశమునకు బోలేదు.

ఆయన విడిచిన నిధి యెంతయో వినుడు. గ్రంథములు 1,568; స్థానికవృత్తాంతములు 2,070; శాసనప్రతులు 8,076; చిత్రములు 2,630; నాణెములు 6,218. ప్రభుత్వమువారు లక్షరూపాయలిచ్చి ఆయన భార్యయొద్ద వీనిని కొనిరి. ఆయన వీనికై తన చేతిసొమ్ము అంతకంటె ఎక్కువగా ఖర్చుచేసెనని స్నేహితులు చెప్పిరి. విల్సన్ పండితుడు 1828 లో వీని పట్టికను అచ్చువేయించెను. ఆ తరువాత కొంత లండనునకు బోయెను, కొంత కలకత్తాలో నిలిచెను, దక్షిణభాషల పుస్తకములు చెన్నపట్టణమునకు మరలివచ్చెను.

ఇచ్చట మనసునకు కష్టము కలిగించు సంగతి యొకటి చెప్పవలసియున్నది. లక్ష్మయ్య చెన్నపట్టణమున హిందూసాహిత్యసమాజమొకటి నెలకొల్పి, తన యజమానుడు సగములో విడిచిన పనిని తాను పూర్తిచేయుటకు అనుమతియు ధనసహాయమును వేడుచు సర్కారునకు విన్నపము చేసికొనెను. ఆ విన్నపము అభిప్రాయముకొరకు ఆసియాటిక్ సొసైటీకి పంపబడెను. అప్పటి కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్ గొప్ప విద్వాంసుడు, బ్రాహ్మీలిపిని చదివిన మహానుభావుడు. ఆయనయు లక్ష్మయ్యను మంచి సేకరణకర్తగా మెచ్చుకొనెనుగాని, విమర్శబుద్ధితో ఇట్టి గ్రంథమును సిద్ధపఱచుట స్వదేశీయునివలన గాదని తలచెను. పని రెవరెండు విలియం టేలరుకు ఇయ్యబడెను. మూడుపదుల యేండ్లు ఆ వ్రాతలమధ్యనే బ్రదికినవానికి ఆ పుస్తకములపై అధికారము లేకపోయెను. ప్రిన్సెప్ పాండిత్యమును మేము గౌరవింతుము. ఈ తీర్పును మాత్రము గౌరవింపజాలము.

ఆ కాగితములు పురుగులపాలు గాకుండ నిలుచుటకు కారణభూతుడు మఱియొక దొర. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్, వేమన పద్యములను వెలికిదెచ్చిన యాయనయే, చెన్నపట్టణమున మెకంజీ కైఫీయతుల స్థితిని జూచి, సిరా పాలిపోయి, అంచులు పొడియై రాలుచున్నవానిని పండితులచేత మరల వ్రాయించెను. అవి అఱువదికి పైగా సంపుటములైనవి. స్థానికచరిత్రములను పేరుతో నేటికిని చెన్నపట్టణపు ప్రాచ్యలిఖిత గ్రంథాలయమున గలవు. తరువాత 1904 లో పురాతనకట్టడముల సంరక్షణచట్టము వచ్చెను. ఆ మఱుసటియేడే మన నెల్లూరుమండలపు శాసనములన్నియు బటర్‌వర్తుదొరగారును, వేణుగోపాలు చెట్టిగారును సేకరించి మూడు సంపుటములుగా ప్రకటించిరి. ఒక జిల్లా శాసనములను ఊరూర వెదకి ఇట్లు అచ్చువేయుట దక్షిణదేశమున అపూర్వము. అందు దొరపేరును, చెట్టిగారి పేరును ఒకే పుటమీద సమానముగా అచ్చుపడినవి.